బంటును పందెం కాసే కాలనీ

పంజాగుట్ట నుంచి యూసఫ్‌గూడ వైపు సాగితే శ్రీనగర్‌ కాలనీ. ఒక పక్క అమీర్‌పేటలో సారథి స్టూడియో, మరో పక్క కొండెక్కితే జూబ్లీహిల్స్‌, ఫిల్మ్‌నగర్‌. నడుమ అపార్ట్‌మెంట్లు, సత్యసాయి నిగమాగమం, సినిమా ఆఫీసులు. ఈ వీధుల్లో తిరిగేవారిలో చాలామంది ఏదో ఒకటి పణంగా పెట్టి వచ్చినవారే. ఊళ్లో పొలం, చేతిలో ఉద్యోగం, వెనకేసుకున్న నాలుగు డబ్బులు... పెట్టింది తిరిగొస్తుందా అంటే శుక్రవారం మార్నింగ్‌ షో చెప్పాలి!

చదరంగంలో ఈ తెగింపుకో పేరుంది... గాంబిట్‌. కాలు అడ్డంపెట్టి పడేయడం అనే అర్థమున్న ఇటాలియన్‌ మాట నుంచి పుట్టింది. ఆట మొదట్లోనే ఓ బంటును ఎరవేసి, బదులుగా దాడికి దారి తెరుచుకోవడమే ఇందులోని కిటుకు. అయితే అన్ని గాంబిట్‌లూ ఒకటి కావు.

ఎంగ్లుండ్‌ గాంబిట్‌నే తీసుకోండి. తెలుపు తన క్వీన్‌ ముందున్న బంటును రెండు గళ్లు జరపగానే, నలుపు తన రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరిపి ‘తినేయ్‌’ అంటుంది. ఆపై నల్ల క్వీన్‌ చకచకా వచ్చి చెక్‌ చెబుతుంది, ఓ బంటునూ కొడుతుంది. తెలుపు కంగారుపడి ఆ క్వీన్‌ మీదికి బిషప్‌ను తోసిందో, వలలో పడ్డట్టే. ఎనిమిదో ఎత్తుకే ఆట కట్టయినా అవుతుంది! బిషప్‌కు బదులు క్వీన్‌ వైపు గుర్రాన్ని బయటికి తీస్తే చాలు... నలుపు పని అయిపోతుంది. క్వీన్‌ ఒంటరిగా చిక్కుకుంటుంది, మిగతా పావుల్లో చాలావరకు ఇల్లు కదలవు.

వేసవి సెలవుల్లో చెస్‌ క్లాసులకు వెళ్లే పిల్లలకు ఇలాంటి ఎత్తులంటే మహా సరదా. నాలుగు ఆటలు చిటికెలో గెలిచేస్తారు. జవాబు తెలిసినవాడు ఎదురైన రోజున కన్నీళ్లే! ఆ గెలుపు తమ ఆటది కాదు, అవతలివాడి పొరపాటుదని అప్పటిదాకా తెలియదు.

అలాగని గాంబిట్‌ పేరెత్తితేనే భయపడక్కర్లేదు. 1995లో రీగాలో కాస్పరోవ్‌ పాతబడిందనుకున్న ఇవాన్స్‌ గాంబిట్‌ను బయటికి తీసి విశ్వనాథన్‌ ఆనంద్‌ను 25 ఎత్తుల్లో ఓడించాడు. ఆయన వదులుకున్న బంటుకు బదులు దక్కింది కాలం... ఎదుటివాడు సర్దుకునేలోగా తన పావులన్నీ బరిలోకి దిగాయి.

ఈ కాలనీకి పైనున్న కొండే అందుకు మరో సాక్ష్యం. తెలుగు సినిమా మద్రాసులోనే ఉన్న రోజుల్లో అక్కినేని నాగేశ్వరరావు హైదరాబాద్‌ వచ్చేశారు. 1970ల మధ్యలో రాళ్లగుట్ట మీద అన్నపూర్ణ స్టూడియోస్‌ కట్టారు. అప్పట్లో అది తెగింపే. కానీ వదిలిందేమిటో, పొందాలనుకున్నదేమిటో లెక్క ఉన్న తెగింపు. ఆ తర్వాత పరిశ్రమే ఇక్కడికి తరలివచ్చింది. ఉరిశిక్ష పడిన ఖైదీ చదరంగం ఆడే కథతో 2021లో ‘చెక్‌’ సినిమా తీసిందీ ఈ పరిశ్రమే.

ఆటలోనూ మనవాళ్లు తక్కువేం కాదు. గుంటూరు కుర్రాడు హరికృష్ణ 2001లో, గుడివాడ అమ్మాయి హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. ఆ 2002లోనే హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచకప్‌ను ఆనంద్‌ గెలిచాడు. వరంగల్‌ అబ్బాయి అర్జున్‌ ఇరిగేశి 2024 డిసెంబరులో 2800 రేటింగ్‌ దాటాడు, ఆనంద్‌ తర్వాత ఆ గీత దాటిన రెండో భారతీయుడు. అర్జున్‌ ఆటలో దూకుడు ఎక్కువే. దాని వెనక వేల గంటల సాధన ఉంది.

అందుకే మీ పిల్లలు బంటును వదిలేసి గెలిచొస్తే మెచ్చుకోండి. మెచ్చుకుని ఒక్క మాట అడగండి... ‘అవతలివాడు సరైన ఎత్తు వేసుంటే ఏం చేసేవాడివి?’ జవాబు చెప్పగలిగితే అది గాంబిట్‌. చెప్పలేకపోతే లాటరీ. కాలనీలో కథల ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే కుర్రాళ్లకూ ఈ ప్రశ్నే వర్తిస్తుంది!