చిటికెడు మైలుతుత్తము

1989వ సంవత్సరమున నేను గోదావరి తీరమందలి యొక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుంటిని. ఆ యేడు మా సైన్సు మాస్టారు వైజ్ఞానిక ప్రదర్శనమునకై లీటరు గాజుజాడీలలో నీలాకుపచ్చ నాచును పెంచ మొదలిడిరి. నాచనుట వాడుక మాత్రమే. నిజమునకవి సయనోబాక్టీరియా యను సూక్ష్మజీవులు. వరిచేల నీటిలో నత్రజనిని స్థిరపరచునవి యివియేయని పి.కె. దే యను శాస్త్రజ్ఞుడు 1939లోనే చూపెను.

జాడీల సంరక్షణము ఎనిమిదవ తరగతి పిల్లవాని కప్పగించిరి. వాడు ప్రతిదినము బడిగంటకు ముందే వచ్చి వాటిని వెలుగునకు జరుపుచుండెడివాడు.

ఆ జీవుల ఆహారము నాకు వింతగా దోచెను. తక్కిన లవణములు, ఇనుము కలిపిన పిమ్మట, లీటరు నీటికి ఒక్క మిల్లీలీటరు మాత్రము మరియొక ద్రావణమును చేర్చెడివారు. అందులో బోరాన్, మాంగనీసు, జింకు, మాలిబ్డినము, రాగి, కోబాల్టు ఉండును. (బోరాన్ లోహము కాదని మాస్టారు నన్ను పలుమారులు సవరించిరి.) మాంగనీసు లేనిదే కిరణజన్య సంయోగక్రియలో నీటి అణువు చీలదు. మా జాడీలలోని అనబీనా గాలి నుండి నత్రజనిని పట్టుటకు మాలిబ్డినము కావలయును. కోబాల్టు బి12 విటమిను నడుమ నుండు లోహము.

ఇన్ని పనులు చేయువానికి ఇంత పిసినారి వడ్డన యేలయని నాకనిపించెను. ఒకనాటి సాయంకాలము గదిలో నెవ్వరును లేరు. సీసాలో మైలుతుత్తము నీలముగా మెరయుచుండెను. నీలి నాచునకు నీలిరాయి మేలే చేయునని తలచి, చిటికెడు తీసి యొక జాడీలో వేసితిని. అది కవుల తర్కము!

మూడవనాటికి ఆ జాడీ పాలిపోయెను. పాత్ర సరిగా కడుగలేదని మాస్టారు పిల్లవానిని తరగతి యెదుట మందలించిరి. వాడు తల వంచుకొని నిలిచెను. ప్రక్కగదిలో కాగితములు దిద్దుచున్న నేను అంతయు వింటిని, మాటాడనైతిని. ఆ రాత్రి అన్నము సయింపలేదు.

మరునాడు ఇరువురి యెదుటను నిజము చెప్పితిని. పిల్లవాడు కోపింపలేదు. త్రాసు తెచ్చి, “మాస్టారూ, అట్లే మరల ఒక చిటికెడు తీయండి” అనెను. తీసితిని. అర గ్రాము తూగెను. వాడు బోర్డుపై లెక్క వేసెను: లీటరుకు ఉండవలసినది 0.079 మిల్లీగ్రాము, నేను వేసినది 500 మిల్లీగ్రాములు. ఆరువేల రెట్లకు పైమాట!

“జలాశయములలో నాచును చంపుటకు వాడునదియు నిదియే, పండితులవారూ” అని మాస్టారు నవ్విరి. పిమ్మట నవ్వు మాని, పిల్లవానివైపు తిరిగి, “నిన్ను ఊరక కోపపడితినిరా” అనిరి.

చచ్చినదానికి మారుగా క్రొత్త జాడీ పెంచుటకు వ్యవధి లేకపోయెను. పచ్చని జాడీని, పాలిపోయిన జాడీని ప్రక్కప్రక్కనే ప్రదర్శనమున నుంచితిమి. పిల్లవాడు పాలిపోయినదానికి అంటించు చీటీని నాచేతనే వ్రాయించెను: “రాగి, ఆరువేల రెట్లు.”