ఒక శ్రోత

తాపీనదికి ఉత్తరపు ఒడ్డున, అమ్రోలి దాటిన తరువాత, కోసాడ్ అనే ఊరున్నది. ఒకప్పుడు అది పొలాల నడుమ ఒక గ్రామం. ముంబయి నుండి అహమ్మదాబాదు పోయే రైలుదారిలో ఒక చిన్న స్టేషను దానికి గుర్తు. 2006లో సూరత్ నగరపాలక సంస్థ తన హద్దులు పెంచుకొన్నప్పుడు కోసాడ్ నగరంలో కలిసినది. ఆ పిమ్మట నదీతీరాన, కాలువగట్ల మీద గుడిసెలు వేసుకొని బ్రతికినవారికై అక్కడ వరుసలు వరుసలుగా మేడలు లేచినవి. ఆ మేడలలో ఒకదానిలో, మూడవ అంతస్తున, ఎస్. జానకి పాటలకై బ్రతుకంతా చెవియొగ్గిన మనిషి ఒకడున్నాడు. సిరిసిల్ల ప్రాంతపు పద్మశాలి. 1974లో, పద్దెనిమిదేండ్ల వయసున, సూరత్ వచ్చినాడు. నలుబది ఏండ్లకు పైగా మరమగ్గాల మీద బట్ట నేసినాడు. ఇప్పుడు ఆయనకు చెవులు సరిగా వినపడవు.

ఈ చివరిమాట మొదటనే చెప్పుట మంచిది. లేనిచో ఆయన అభిమానం లోకంలో కోట్లమందికి గల సినిమా పాటల మోజువంటిదే ననిపించును.

మరమగ్గాన్ని ఆ నేతగాండ్రు సాంచా అంటారు, సాంచాలు నడిచే కొట్టును ఖాతా అంటారు. ఒక ఖాతాలో పదుల కొలది సాంచాలు ఒక్కమారుగా ఆడుతుంటాయి. నాడె ఈ కొసనుండి ఆ కొసకు పోయి తగిలినప్పుడెల్ల ఒక దెబ్బ. అట్టి దెబ్బలు నిమిషానికి నూరుకు మించి ఒక్కొక్క సాంచాకు. పన్నెండు గంటల పాళీ. కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి. లోపల మనిషి మాట మనిషికి వినరాదు గనుక పెదవుల కదలికను బట్టి, చేతి సైగలను బట్టి మాటాడుకొంటారు. ఒడియావాడు, మరాఠీవాడు, తెలుగువాడు, ఉత్తరాదివాడు అందరూ కొన్ని నెలలలో ఆ విద్య నేర్చుకొంటారు. అనువాదకుల అవసరం లేని భాష లోకంలో అదొక్కటే కాబోలు.

అట్టి చోటునుండి బయటికి వచ్చిన చెవికి పాట ఏమిటో ఇండ్లలో కూర్చుండి వినేవారికి తెలియదు. తొలి ఏండ్లలో ఆయనకు తెలుగు వినిపించినది సిలోను రేడియో. ఒక గదిలో పదిమంది. ఐదుగురు పనికి పోయినప్పుడు ఐదుగురు పండుకొనేవారు. ఆ పండుకొనే వేళలో రేడియో పెట్టినందుకు తిట్లు తినని దినం లేదు. అందరివలెనే ఆయనకూ మొదట పి. సుశీల పాటలంటేనే ఇష్టం. 1960లలో తెలుగు చిత్రాలలో కథానాయికల గొంతు సుశీలదే గదా!

1978లో చెల్లెలి పెండ్లికి సిరిసిల్ల పోయినప్పుడు 'పదహారేళ్ళ వయసు' అనే చిత్రం చూచినాడు. అందులో పల్లెటూరి పడుచు పాడే పాట వచ్చినది. ఈ పాడినది ఎవరో కొత్త పిల్ల, పదహారు నిండినవో లేదో అనుకొన్నాడు. పాడినది జానకి అనీ, ఆమెకు నలుబది ఏండ్లనీ బావమరిది చెప్పగా నమ్మలేదు. మరునాడు మరల డబ్బు పెట్టి చూచినాడు. ఆ రెండవ ఆటలో తెరమీద ఏమి జరిగినదో ఆయనకు జ్ఞాపకం లేదు. కండ్లు మూసుకొని కూర్చున్నాడట. పదహారేండ్ల పిల్ల సిగ్గులో ఊపిరి ఎట్లు తడబడునో ఆ నలుబదేండ్ల ఇల్లాలికి ఎట్లు తెలిసినదన్నదే ఆయన ప్రశ్న. ఆ ప్రశ్న ఆయనను ఇంకను విడువలేదు.

జానకి బ్రతుకు చూచిన, ఏ అడుగూ లోకం వేసిన బాటలో పడినట్లు కనపడదు. 1938 ఏప్రిల్‌లో గుంటూరు మండలం రేపల్లె తాలూకా పల్లపట్లలో పుట్టినది. తోటి గాయనులలో కొందరు ఏండ్ల తరబడి సంగీతం నేర్చి వచ్చినవారు. ఆమెకు క్రమంగా జరిగిన సంగీతాభ్యాసం బహు స్వల్పం. పైడిస్వామి అనే నాదస్వర విద్వాంసుని వద్ద కొద్దికాలం నేర్చినది. 1956లో ఆకాశవాణి లలితసంగీత పోటీలో రెండవ బహుమతి వచ్చినది, మొదటిది కాదు. 1957లో మద్రాసు చేరి ఏ.వి.ఎం. వారి కొలువులో పాడసాగినది. తొలిపాట తమిళానిది. ఆ వెనుక పదిహేనుకు మించిన భాషలలో పాడినది. తెలుగునేల ఆమెను ఆలస్యంగా గుర్తించగా కన్నడిగులు, మలయాళీలు, తమిళులు తమ ఆడపడుచుగా చేసికొన్నారు. జాతీయ పురస్కారాలు నాలుగు వచ్చిన, రెండు తమిళానికి, ఒకటి మలయాళానికి. 1984 నాటి 'సితార' పాటకు వచ్చిన ఒక్కటే తెలుగుకు. పరభాషా గీతాలను కూడ ఆమె తెలుగు లిపిలోనే వ్రాసుకొని పాడేది.

ఈ కడపటి సంగతి విన్నప్పుడు కోసాడ్ శ్రోతకు కలిగిన సంతోషం ఇంతింత కాదు. తానూ అంతే నన్నాడు. గుజరాతీలో బేరమాడుదును, హిందీలో సేఠుతో మాటాడుదును, లెక్క మాత్రం తెలుగు అంకెలలో మనసులో చెప్పుకొందును అన్నాడు. పోలిక అందంగా ఉన్నది గాని పూర్తిగా సరిపోదు. ఆమెను పొరుగు సీమలవారు పిలిచి పీట వేసినారు. ఆయనను ఎవ్వరూ పిలువలేదు; ఊరిలో మగ్గం ఆగిపోయి తానే వచ్చినాడు.

ఆమె పాటలలో ఆయన అన్నిటికంటె పైన పెట్టేది 1962లో తమిళంలో వచ్చిన 'కొంజుం సలంగై' చిత్రంలోనిది. కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరానికి సరిగా నిలిచి పాడవలె. నాదస్వరం గుడి ముంగిట ఊరంతటికి వినిపింపగల వాద్యం. దానితో ఒక ఆడుగొంతు స్వరానికి స్వరం, వేగానికి వేగం అప్పగించవలె. ఎస్.ఎం. సుబ్బయ్యనాయుడు సంగీతం. ఆ పాటకు పి. లీలను అడుగగా, జానకి అయితే పాడగలదని ఆమెయే సూచించినదని చెప్పుకొంటారు. ఆ చిత్రమే 'మురిపించే మువ్వలు' అనే పేర తెలుగులోకి వచ్చినది. అదే రాగం, అదే వాద్యం. మాటలు మాత్రం తెలుగు. పాడినది మరల జానకియే. రెండు పాటలనూ ఒకదాని తరువాత ఒకటి వింటే తెలుగు పదాలు ఆ స్వరాలకై పుట్టినట్లే ఉంటాయి. అనువాదం చేసేవారు వినదగిన పాట అది. పదము మారినను ఊపిరి చెడరాదన్న నియమాన్ని ఆమె గ్రంథం చదువకయే నేర్చినది.

1985లో హిందీలో 'సాహెబ్' అనే చిత్రం వచ్చినది. బప్పీ లాహిరితో కలిసి జానకి పాడిన పాట ఒకటి సూరత్ వీధులన్నిటా మైకులలో మ్రోగినది. పానువాడు, రిక్షావాడు, చివరకు సేఠు కొడుకు కూడ కూనిరాగం తీసినారు. ఎవరికీ పాడినదెవరో తెలియదు. ఈయన ఖాతాలో సాంచా సాంచాకు పోయి, పెదవులతో ఆమె పేరు చెప్పి, 'మా ఊరి వైపు మనిషి' అని గుండెమీద చెయ్యి వేసుకొని చూపినాడట. సిరిసిల్లకు పల్లపట్ల ఎంత దూరమో లెక్కించి చెప్పేవారు అక్కడెవ్వరూ లేరు.

ఆయన ఆమెను ఎదుట చూచినది ఎన్నడూ లేదు. దూరదర్శన్‌లో చూచి మొదట కొంత నిరాశ చెందినాడు. చేతిలో కాగితం, ఒంటిపై తెల్లచీర. శిలవలె నిలుచుండి పాడినది. పసిబిడ్డ గొంతున పలికినప్పుడుగాని, ముసలమ్మ గొంతున నవ్వినప్పుడుగాని ముఖాన ఒక్క రేఖ కదలలేదు. 'సప్తపది'లో బాలుని పాట పాడినది ఈమెయే నంటే చూచినవాడు నమ్మడు. పెదవులు చూచి మాట గ్రహించే అలవాటు గల నేతగానికి ఆ ముఖం మూసిన పుస్తకం వలె తోచినది. పాటలోనిదంతా గొంతులోనే ఉన్నది. గొంతు వినలేనివానికి ఆమె ఇచ్చేది ఏమియు లేదు. ఆనాడు ఆయన చెవులు బాగున్నవి గనుక ఈ సంగతి వింతగా మాత్రమే తోచినది.

నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఊరినుండి వచ్చిన ప్రతివాడు ఆయనకు ఒక క్యాసెట్టు తెచ్చేవాడు. మామిడితాండ్ర అడిగే వాండ్లుంటారు, ఆవకాయ అడిగే వాండ్లుంటారు. ఈయన క్యాసెట్టు అడిగేవాడు. అట్లు రెండు వందలకు పైగా చేరినవి. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి విడిచిన నీటితో తాపి పొంగి సూరత్‌ను ముంచినప్పుడు నది ఒడ్డున గల ఆయన గుడిసెలో నీరు కప్పును తాకినది. భార్యాబిడ్డలు బ్రతికినారు. నీరు తీసిన పిమ్మట క్యాసెట్టు పెట్టెలో బురద గట్టిపడియున్నది. ఒక్కొక్కటే కడిగి తీగెమీద ఆరవేసినాడు, రెండు ఆడినవి. ఆ రెంటిలోను గొంతు వంకర పోయినది. కోసాడ్ ఇంటికి వచ్చినప్పుడు ఆ రెండు మాత్రమే తెచ్చినాడు. వాటిని ఆడించే యంత్రం ఇప్పుడు ఇంట లేదు. గూటిలో దేవుని పటం ప్రక్క ఉన్నవి.

2013లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ప్రకటించగా జానకి నిరాకరించినది. అది ఆలస్యంగా వచ్చినదనీ, దక్షిణాది కళాకారులకు తగిన గుర్తింపు దొరకుట లేదనీ ఆమె అభిప్రాయం. పత్రికలలో కొందరు మెచ్చినారు, కొందరు గర్వమన్నారు. ఇంత అభిమానం గల ఈ శ్రోత ఆమెను సమర్థించునని ఎవరైనను అనుకొందురు. ఆయన సమర్థింపలేదు. 'ఇచ్చిన కూలి తీసుకోవాలె. తక్కువైతె తీసుకొని కొట్లాడాలె' అన్నాడు. కూలి చాలదని సాంచా విడిచి వచ్చినవాని స్థానంలో మరుసటి పాళీకి మరొకడు నిలుచుండే చోట బ్రతికినవాడు అట్లు అనుట సహజం. అయితే ఆమె స్థానంలో నిలుచుండే మరొకరు లేరనే సంగతి ఆయనకు తెలియదా? తెలియును. అయినను నేటికీ మాట మార్చుకోలేదు.

ఆమె 2016లో ఒక మలయాళ చిత్రానికి జోలపాట పాడి ఇక చాలునన్నది. 2017 అక్టోబరులో మైసూరులో సభాముఖంగా సెలవు తీసికొన్నది. గొంతు తన్ను విడువకమునుపే తాను పాటను విడిచినది. ఆ ఏడే ఆయన సాంచా మానినాడు. ఊరకనే మానలేదు, మిషను ఆగిన చప్పుడు తెలియక చెయ్యి పెట్టగా రెండు వేళ్లు నలిగినవి. చెవి వైద్యుడు గీత గీసి చూపినాడు. ఆ గీత కొంతదూరం తిన్నగా పోయి, పై స్థాయి ధ్వనుల దగ్గర గోతిలో పడినట్లు దిగినది. మగ్గాల మ్రోతలో పనిచేసినవారి చెవి మొదట అక్కడనే చచ్చునట. మద్దెల వినపడును. మగవాని మాట వినపడును. సకార శకారాలు, పిల్లల మాట, గొంతులోని సన్నని తునకలు పోవును. పోయినవి తిరిగి రావు. అనగా జానకిని జానకిగా చేసిన వేవో అవి పోవును.

చెవియంత్రం కొన్నారు. అది మాటకై చేసిన యంత్రం. పాట అందులో రేకుడబ్బాలో గులకరాళ్లవలె వినిపించినది. అందుచేత మాటకు పెట్టుకొంటాడు, పాటకు తీసివేస్తాడు. వినపడనిచోట జ్ఞాపకం నింపుకొంటాడు. ఏడవ తరగతి చదివే మనుమరాలు చేతిఫోనులో పాటలు వెదకి పెడుతుంది. ఆ పిల్లకు తెలుగు మాట వచ్చును, చదువ రాదు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోను బడులు నడిపినది గాని ఆ పిల్ల చదువు గుజరాతీలో.

ఒకనాడు 'పదహారేళ్ళ వయసు' పాట పెట్టినది. ఆయన కండ్లు మూసుకొని విన్నాడు. అయిన పిమ్మట కండ్లు తుడుచుకొని, 'చూసినవా బిడ్డా, నలబై ఏండ్లప్పుడు పాడింది' అన్నాడు. పని నుండి వచ్చిన కొడుకు ఫోను చూచి, తండ్రికి వినపడరాదని గొంతు తగ్గించి, 'ఇది జానకమ్మ గాదు, ఎవరో కొత్తపిల్ల' అన్నాడు. నిజమే. ఎవరో పడుచు గాయని ఆ పాటను మరల పాడి పెట్టినది. పిల్ల పొరపాటున దానిని తీసినది.

కొడుకు మరచినది ఒకటున్నది. తండ్రి నలుబది ఏండ్లు పెదవులు చదివి బ్రతికినవాడు.

ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. మరునాడు, ఆ మరునాడు పాట అడుగలేదు. పిల్ల ఏడ్చినది. మూడవనాడు సాయంకాలం పిల్లను దగ్గర కూర్చుండబెట్టుకొని, 'నాదస్వరం పాట పెట్టు. అది ఆమెదేనా? మంచిగ చూడు' అన్నాడు. ఆమెదే నన్నది పిల్ల. 'నాకు మద్దెల ఇనవడుతది. మిగిలింది నువ్వు ఇను. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడల్ల వేలు లేపు' అన్నాడు.

పిల్ల ఫోను చెవికి ఆనించుకొన్నది. పల్లవిలో వేలు రెండుమార్లు లేచినది. ఆయన తల ఊపినాడు. స్వరాలు మొదలైనవి. గొంతు ఒక మాట అన్నది, నాదస్వరం బదులిచ్చినది. క్రింద వీధిలో కూరగాయల బండివాడు గుజరాతీలో కేక వేసి పోయినాడు. గొంతు, వాద్యం ఒకదాని నొకటి తరుముకొంటున్నవి కాబోలు, పిల్ల కనుబొమలు ముడివడినవి. వేలు మోకాలి మీదనే ఉన్నది. ఆయన ఆ వేలినే చూస్తూ పెదవులు కదలించి లెక్క పెడుతున్నాడు. తెలుగు అంకెలలో, ఏడు, ఎనిమిది, తొమ్మిది.