లిన్యోన్ ఏటి ఒడ్డున

ఫ్రాన్సు దేశపు నడిమి కొండలలో, ఇంచుమించు 1,000 మీటర్ల ఎత్తున, లిన్యోన్ ఏటి ఒడ్డున లె షాంబోన్ అనే ఊరున్నది. జనాభా సుమారు 2,500. మేము వెళ్ళినది వేసవిలో. చలికాలమైతే ‘బుర్ల్’ అనే గాలి మంచును ఎగరగొట్టి దారులు మూసివేస్తుందట. పంటకు మంచి చోటు కాదు గాని, దాగుటకు మంచిదే! రాజుల కాలములో హింసలు పొందిన ప్రొటెస్టెంటు కుటుంబాలు ఈ కొండలనే పట్టుకొని నిలిచాయి. వారి సంతతివారే రెండవ ప్రపంచ యుద్ధంలో, పాస్టరు ఆంద్రే త్రోక్మేగారి ప్రోత్సాహంతో, యూదుల పిల్లలనెందరినో తమ ఇండ్లలో దాచారు. పాస్టరుగారి బంధువు, ఉపాధ్యాయుడు దానియేలు త్రోక్మే 1943లో తన విద్యార్థులతోపాటు పట్టుబడి, 1944లో మైదానెక్ శిబిరంలో మరణించాడు. ఒకరినొకరు ప్రేమించుమన్న ప్రభువు ఆజ్ఞ ఆ ఊరి ఆలయ ద్వారముపై చెక్కి ఉండుట చూచాము. 1990లో ఇశ్రాయేలు దేశపు యాద్ వషేమ్ సంస్థ చుట్టుపక్కల పల్లెలతో సహా ఆ ఊరి ప్రజలను సన్మానించింది.