గౌలిపుర గవాక్షములు

ఇంటికి ద్వారము నోరు వంటిది. కిటికీ కన్ను వంటిది. నోరు పిలుచును, పలుకరించును, ఒక్కొక్కప్పుడు తగవులాడును. కన్ను ఊరకయే చూచుచుండును. అందుచేతనే కాబోలు, ద్వారమునకు తోరణము కట్టి, గడపకు పసుపు పూసి మ్రొక్కువారు కిటికీకి ఏ మర్యాదయు చేయరు. పండుగనాడు ద్వారమునకు మామిడాకులు దక్కును. కిటికీకి చీపురు దెబ్బలు దక్కును.

అయినను భాషలు కిటికీని చిన్నచూపు చూడలేదు. సంస్కృతమున దానికి గవాక్షమని పేరు. అనగా గోవు కన్ను. వాతాయనమని మరియొక పేరు; అనగా గాలి వచ్చు త్రోవ. ఎక్కడో ఉత్తర ఐరోపాలో పూర్వము నార్సు భాష మాటలాడినవారు దానిని 'గాలికన్ను' అని పిలిచిరి. ఆంగ్లేయుల 'విండో' అను మాట అందుండి పుట్టినదే. ఒకరినొకరు ఎరుగని జనులు గోడలోని కంతను చూచి కన్నునే తలచుకొనుట వింతయే కదా!

హైదరాబాదు పాతనగరమున గౌలిపుర అను పేట కలదు. గౌలి యనగా పశువులను పెంచి పాలమ్ముకొనువాడు. అట్టి పేరు గల పేటలో గోవు కన్నులకు కొదువ యుండునా? అచ్చటి యిరుకు సందులలో నిలిచి తలయెత్తినచో ఎటు చూచినను కిటికీలే.

1591లో వెలసిన ఈ నగరమునకు 18వ శతాబ్దమున రాతి ప్రాకారము కట్టిరి. దానికి 13 దర్వాజాలుండెను. గౌలిపుర దర్వాజా వానిలో నొకటి. పెద్ద దర్వాజాలు గాక, నడుమ నడుమ చిన్న ద్వారములు కూడ నుండెను. వానిని ఖిడ్కీలనిరి. ఆ ఖిడ్కీయు, మన కిటికీయు ఒకే కుటుంబపు మాటలు. కాలక్రమమున ప్రాకారము చాల మట్టుకు పోయినది. నేడు పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మాత్రము నిలిచియున్నవి. గౌలిపురకు దర్వాజా పోయినది, కిటికీలు మిగిలినవి. పోయినవానిని గూర్చి గ్రంథములు వ్రాయుదురు. మిగిలినవానిని ఎవరు చూతురు?

అట్లు చూడబూనిన యువకుడొకడు కలడు. అతడు ప్రతి ఆదివారము నగరపు మరియొక కొసనుండి కెమెరా మెడలో వేసికొని గౌలిపురకు వచ్చి, కిటికీల ఛాయాచిత్రములు తీయుచుండెను. కెమెరా అను మాటకు లాటిను భాషలో గది యని అర్థము. ఒక చీకటి గది, దానికొక చిన్న కిటికీ. కెమెరా యనగా ఇంతియే. ఒక కిటికీని మెడకు కట్టుకొని తక్కిన కిటికీలకై తిరుగువానిని చూచి సందులోని పిల్లలు నవ్వినచో అది వారి తప్పు కాదు.

అతనికి దొరకిన కిటికీలు పలు విధములు. మందపు సున్నపు గోడలలో కొయ్యరెక్కలు గలవి కొన్ని. ఇనుప ఊచలు గలవి కొన్ని. ఒకదానిలో ఊరగాయ జాడీ ఎండ కాగుచుండెను. ఒకదానిలో రంగుల డబ్బాయందు తులసి పెరుగుచుండెను. ఒక ఊచకు సంక్రాంతినాడు తెగిన గాలిపటపు దారము చిక్కుకొని, తోక మాత్రము ఇంకను ఎగురవలెనని ప్రయత్నించుచుండెను. ఒక మేడమీది కిటికీనుండి త్రాటికి కట్టిన బుట్ట క్రిందికి దిగి, కూరగాయలవానియొద్ద బేరమాడి, కొత్తిమీరతో పైకి పోయెను. బేరమాడినవారెవరో అతనికి కనబడలేదు.

వేసవి వచ్చుసరికి సగము కిటికీలను కూలర్లు ఆక్రమించెను. గాలి కొరకు పెట్టిన కిటికీని మూసి, ఆ గాలినే విద్యుత్తునకు డబ్బు చెల్లించి లోనికి రప్పించుకొనుట ఈ కాలపు వివేకము. ఇంగ్లండున 1696 నుండి 1851 వరకు కిటికీలపై పన్ను ఉండెను. పన్ను తప్పించుకొనుటకు అచ్చట పలువురు కిటికీలను ఇటుకలతో పూడ్చివేసిరి. గౌలిపురలో ఆ కార్యము పన్ను లేకయే నెరవేరుచున్నది.

కొన్ని నెలలు గడచిన పిమ్మట యువకుడు తన చిత్రములన్నియు వరుసగా పేర్చి మిత్రులకు చూపెను. వారు మెచ్చుకొనిరి. ఒక మిత్రుడు మాత్రము, "ఈ పేటలో మనుష్యులు లేరా?" అని యడిగెను. నిజమే, ఒక్క చిత్రమునందైనను ముఖము లేదు. అతడు కెమెరా ఎత్తగనే ముఖములు లోనికి తొలగుచుండెను. అతడును, చిత్రము చెడకుండుటకు అదియే మేలనుకొనెను.

తాను కనబడకుండ లోకమును చూడగోరుట కిటికీ చెంత నుండువారి పాత అలవాటే. జైపూరున 1799లో కట్టిన హవామహలునకు 953 కిటికీలు. అంతఃపుర స్త్రీలు వానినుండి వీథిలోని ఊరేగింపులను చూచెడివారు. వీథిలోనివారికి వారు కనబడెడివారు కారు. హైదరాబాదునకును ఈ మర్యాద తెలియనిది కాదు. ఆరవ నిజాము కొలువున ప్రసిద్ధికెక్కిన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1892లో స్త్రీలకై ఈ నగరమున ప్రత్యేకముగా ఒక చిత్రశాల నెలకొల్పెను. అచ్చట చిత్రములు తీయుటకు స్త్రీనే నియమించెను. చూడబడువారి యిష్టమును ముందుగా తెలిసికొనవలెనని ఆయన ఎరిగియుండెను. మన యువకునకు అది ఇంకను తెలియలేదు.

ఒక ఆదివారము అతనికి అందమైన కిటికీ యొకటి కనబడెను. సందునకు, ఆ యింటికి నడుమ ఒక ఖాళీ స్థలము. అందు క్రొత్త మేడకు పునాదులు వేసి, స్తంభముల కొరకు ఇనుప చువ్వలు నిలిపియుండిరి. ఆ చువ్వలు చిత్రమున పడకుండుటకై అతడు వంగి, లేచి, ప్రక్కకు జరిగి, తుదకు ఒక రాతిపై నెక్కి కెమెరా ఎత్తెను. కిటికీలో ఒక ముసలి ముఖము కనబడెను. అది లోనికి తొలగుటకై అతడు వేచియుండెను. అది తొలగలేదు.

"ఏం బిడ్డా! నా కిటికీని తీస్తున్నవా?" అని ఆ అవ్వ కేక వేసెను.

యువకుడు తడబడి, "అవునవ్వా, చాల బాగున్నది" అనెను.

"నీకు బాగున్నది. నలభై ఏండ్ల సంది లోపల కూసున్నదాన్ని, నాకు కిటికీ ఏడ కనపడతది? నాకు కనపడేది బయట. అది తీసినవా?"

ఆ ప్రశ్నకు అతనియొద్ద సమాధానము లేకపోయెను.

"పైకి రా. తలుపు తీసే ఉన్నది" అని ఆమె పిలిచెను.

గదిలో కిటికీ చెంత ఒక కుర్చీ, దానిప్రక్క మంచినీళ్ళ చెంబు, మందుల డబ్బా ఉండెను. మోకాళ్ళ నొప్పిచే అవ్వ మెట్లు దిగుట మానినది. ఆ కుర్చీయే ఆమెకు బజారు, బంధువుల యిల్లు, తీర్థయాత్ర. ఉదయమున బడికి పోవు పిల్లలలో ఎవడు చెప్పులు మరచెనో ఆమెకు తెలియును. పూలమ్మి ఒకనాడు రానిచో ఆమె జ్వరమును తల్లికంటె ముందు ఈమెయే ఊహించును. ఆషాఢమున బోనాలెత్తుకొని పోవు ఆడపడుచులను ఆమె ఇచ్చటినుండియే చూచి చేతులు జోడించును.

యువకుడు ఆమె కుర్చీ వెనుక నిలిచి చూచెను. సందు, వేపచెట్టు, దూరముగా మేడల నడుమ ఒక ఆకాశపు ముక్క, అన్నియు కనబడెను. వాని కన్నిటికిని ముందు, అతడు ఇంతసేపు తప్పించుకొన జూచిన ఇనుప చువ్వలు కనబడెను. క్రిందనుండి అవి చిత్రమునకు అడ్డు మాత్రమే; పైనుండి అవి లేవబోవు గోడ.

"రెండు నెలలకు ఈడ గోడ లేస్తది" అని అవ్వ చెప్పెను.

"మీరు అడ్డు చెప్పలేదా అవ్వా?"

"ఏమని చెప్త బిడ్డా? జాగ వాళ్ళది. కిటికీ నాది. నడుమనున్న వెలుతురే ఎవరిదో తెలుస్తలేదు."

నేటికి నిలిచియున్న ఛాయాచిత్ర నెగటివులలో మిక్కిలి పాతది 1835లో ఇంగ్లండున టాల్బట్ అను పండితుడు తన యింటి కిటికీని తీసినది. అంతకు ముందే, 1826-27 ప్రాంతమున, ఫ్రాన్సు దేశమున నియెప్స్ అనువాడు తన మేడమీది కిటికీనుండి కనబడు కప్పులను, గోడలను తీసియుండెను. కెమెరాతో తీయగా నేటికి మిగిలియున్న చిత్రములలో అదియే మొదటిది. మానవుడు కిటికీని చిత్రించుటకు ముందు కిటికీనుండి చిత్రించెనన్నమాట. యువకుడు ఆ క్రమమును తలక్రిందులు చేసి, ఇన్ని నెలలు తిరిగి తిరిగి తుదకు నియెప్స్ నిలిచిన చోటికి వచ్చెను.

అతడు అవ్వను అడిగి, ఊచలపై ఆమె చేయి ఉండగా, చువ్వలను తప్పింపక, సందును, చెట్టును చిత్రము తీసెను. కెమెరా వెనుకవైపున దానిని చూపగా అవ్వ చాలసేపు చూచి, "కాగితం మీద తెచ్చియ్యి బిడ్డా. గోడ లేచినంక ఈడ పెట్టుకుంట" అనెను.

మరుసటి ఆదివారము అతడు దానిని పెద్ద కాగితముపై అచ్చు వేయించి తెచ్చెను. గోడ లేచువరకు ఆగుట ఎందుకని అవ్వ దానిని ఆనాడే దారముతో ఊచకు కట్టించెను. ఆ ప్రక్కనే నిజమైన చెట్టు గాలికి ఊగుచుండెను. అవ్వ రెంటిని పోల్చి చూచి, చిత్రములోని చెట్టుకు రెండాకులు తక్కువైనవని తప్పు పట్టెను.

అప్పటినుండి యువకుడు కెమెరా ఎత్తుటకు ముందు తలుపు తట్టుచున్నాడు. కొందరు వలదందురు, అతడు నమస్కరించి వెడలిపోవును. కొందరు లోనికి పిలుతురు. అతని చిత్రముల వేగము తగ్గినది. త్రాగిన చాయల లెక్క పెరిగినది.

మిత్రులకు అతడు అవ్వ యింట తీసిన చిత్రమును కూడ చూపెను. వారు దానిని అటు త్రిప్పి, ఇటు త్రిప్పి చూచి, "అంతయు బాగున్నది గాని, ఇందులో కిటికీ ఎక్కడ?" అని యడిగిరి.

"మనము దానిలోనుండియే చూచుచున్నాము" అని అతడు బదులు చెప్పెను.