పూతనాటి దుఆ, కోతనాటి మరపు

విజయవాడ నుంచి నున్న, ఆగిరిపల్లి మీదుగా నూజివీడు వెళ్ళే దారిలో పట్టణపు ఇళ్ళు పలచబడిన కొద్దీ మామిడి తోటలు దగ్గరవుతాయి. ఎర్రనేలలు, అక్కడక్కడ చిన్న గుట్టలు, వాటి నడుమ వరుసలు తీరిన చెట్లు. 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఇప్పుడు ఏలూరు జిల్లాలో చేరిన ఈ ప్రాంతం పేరు వినగానే తెలుగువారికి చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి గుర్తుకొస్తాయి. ఈ సంవత్సరం నేను ఆ దారిన రెండుసార్లు ప్రయాణించాను. మొదటిసారి జనవరిలో, రెండవసారి మే నెలలో. చెట్లు అవే, మనుషులూ వారే. ఆ నాలుగు నెలల్లో మారినదేమిటో పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

అక్కడ నా పూర్వ విద్యార్థి ఒకరికి కొన్ని ఎకరాల తోట ఉంది. జనవరిలో వెళ్ళినప్పుడు చెట్లన్నీ పూతతో నిండి ఉన్నాయి. చూసేవారికి అది కన్నుల పండుగ. రైతుకు మాత్రం కంటి మీద కునుకు లేని కాలం. పొగమంచు పట్టితే బూడిద తెగులు భయం. తేనెమంచు పురుగు రసం పీల్చితే పూత మాడి రాలిపోతుంది. ఒక్కొక్క పూగుత్తిలో వందలాది పూలు విచ్చుకున్నా, చివరకు కాయలుగా నిలిచేవి ఏ కొన్నో. పిందె దశ దాటినా వేసవిలో ఈదురుగాలి, వడగళ్ళు కాచుకుని ఉంటాయి.

"హజరత్! మందు కొట్టడం వరకే మా చేతిలో ఉంది. నిలబెట్టేవాడు అల్లాహ్ ఒక్కడే. దుఆ చేయండి" అన్నాడతను. ఆ రోజుల్లో అతను తహజ్జుద్ నమాజుకు లేస్తున్నాడని ఇంట్లోవారు చెప్పారు. మంచుకు తడిసిన ఆ నేల మీదే నిలబడి ఇద్దరం చేతులెత్తాము. చాలాకాలం తర్వాత నా కళ్ళు కూడా చెమర్చాయి.

మే నెలలో వెళ్ళేసరికి కొమ్మలు కాయల బరువుకు వంగి ఉన్నాయి. కూలీలు పొడవాటి గెడలకు కట్టిన చిక్కాలతో కాయలు దింపుతున్నారు. తోట మొదట్లో లారీ నిలిచి ఉంది. నున్న మార్కెట్ ధర తెలుసుకోవడానికి అతని చెవి ఫోనును వదలడం లేదు. ఇంతలో ఊరి మసీదు నుంచి జుహర్ అజాన్ వినిపించింది. "ఈ లోడు ఎక్కగానే చదువుతాను, మీరు కానివ్వండి హజరత్!" అన్నాడు. నేను చెట్టు నీడన ఒంటరిగా నమాజు చేసుకున్నాను. లారీ కదిలేసరికి అస్ర్ వేళ సమీపించింది. అప్పుడు ఆదరాబాదరాగా జుహర్ పూర్తిచేశాడు.

ఉపాధ్యాయుణ్ణి కదా, మందలించడానికి మాటలు సిద్ధం చేసుకున్నాను. అంతలో నా చేతిలో సగం తిన్న రసం పండు కనిపించింది. ఈ పండు కోసమే కదా జనవరిలో కన్నీళ్ళతో వేడుకున్నాను! ఆ తర్వాత ఒక్కసారైనా అలా చేతులెత్తానా? ఇరవై ఐదేళ్ళ క్రితం అద్దె గదిలో ఉంటూ, జ్వరంతో మూలుగుతున్న బిడ్డ పక్కన నేను చేసిన సజ్దాలు జ్ఞాపకం వచ్చాయి. నేడు సొంత ఇల్లు ఉంది. బిడ్డ ప్రయోజకుడయ్యాడు. నమాజులు వేళకే జరుగుతున్నాయి. కాని దుఆలో నాలుక కదులుతుంది, హృదయం కదలదు. అతని నమాజు ఆలస్యమైంది. నాది వేళకే జరిగినా ఖాళీగా ఉంది. ఎవరు ఎవరిని మందలించాలి?

కష్టం వచ్చినప్పుడు మనిషి పడుకున్నా, కూర్చున్నా, నిలుచున్నా తన ప్రభువును మొరపెట్టుకుంటాడనీ, అది తొలగగానే ఎన్నడూ పిలవనివాడిలా సాగిపోతాడనీ యూనుస్ సూరా హెచ్చరిస్తోంది. తాను ఎవరి అక్కరా లేనివాడినని భావించడమే మనిషి హద్దు మీరడానికి మూలమని అలఖ్ సూరా తెలియజేస్తోంది. దివ్య ఖుర్ఆన్‌లోని రెండు తోటల ఉదంతాలను గమనించండి. కహఫ్ సూరాలోని ధనికుడు తన తోట ఎన్నటికీ నశించదనుకున్నాడు. ఖలమ్ సూరాలోని తోట యజమానులు పేదలకు దక్కకుండా తెల్లవారగానే కోసుకోవాలని ప్రమాణం చేశారు. దైవచిత్తమైతే అన్న మాటే వారి నోట రాలేదు. ఆ రెండూ ఎండిన తోటలు కావు, నిండుగా కాచిన తోటలు. వారికి పరీక్ష కరువులో రాలేదు, కలిమిలో వచ్చింది.

మన షరీఅత్ ఈ మరపుకు మందు కూడా చూపింది. పూత మీదనే తోటను వ్యాపారికి అమ్మేయడం మామిడి ప్రాంతాల్లో ఉన్న అలవాటే. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) పండు పక్వత బయటపడక ముందు అమ్మడాన్ని నిషేధించారు. అల్లాహ్ ఆ పంటను ఆపేస్తే సోదరుని సొమ్మును ఏ హక్కుతో తీసుకుంటావన్నది హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు భావం. రాని పంటను మనదనుకునే అధికారం మనకు లేదని ఇది నేర్పుతుంది. ఇక పంట చేతికొచ్చిన రోజునే దాని హక్కు చెల్లించమని అన్ఆమ్ సూరా ఆదేశం. వర్షాధారమైతే పదో వంతు, శ్రమపడి నీరు పెట్టినదైతే ఇరవయ్యో వంతు ఉష్ర్. హనఫీ మస్లక్ ప్రకారం పండ్ల తోటలకూ ఇది వర్తిస్తుంది. మనిషి అన్నిటికంటే ఎక్కువగా మురిసిపోయే రోజునే, ఇది నీది కాదు, నీకు ఇవ్వబడినది అని గుర్తుచేసే ఏర్పాటు ఇది.

అస్ర్ ఇద్దరం జమాఅత్‌గా చేసుకున్నాము. సలాము తిప్పాక అతనే తల వంచుకుని అన్నాడు: "జనవరిలో నాకు భయం ఉంది హజరత్, అందుకే అల్లాహ్ గుర్తున్నాడు. భయం పోయింది, నేనూ మారిపోయాను. భయం లేనప్పుడు కూడా ఆయన గుర్తుండాలంటే ఏం చేయాలి?"

"నాయనా! ఈ రోగం నాకూ ఉంది" అన్నాను. "కష్టంలో తన మొర ఆలకించబడాలని కోరేవాడు సుఖంలో అధికంగా దుఆ చేయాలని తిర్మిజీలో ఉంది. అవసరం తీరిందనుకోవడమే మన పొరపాటు. కోసిన కాయ కుళ్ళకుండా మగ్గాలి. తిన్నది ఒంటికి పట్టాలి. వచ్చిన సొమ్ములో బర్కత్ ఉండాలి. ఆ సొమ్ము మన ఈమాన్‌ను తినేయకుండా ఉండాలి. వీటిలో మన చేతిలో ఉన్నదేది? జనవరిలో అడిగినదానికంటే ఇప్పుడు అడగవలసిందే ఎక్కువ. పూతకాలంలో లేచిన వేళకే కోతకాలంలోనూ లేద్దాం. నేనూ లేస్తాను."

తొలి పండు తెచ్చి ఇచ్చినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బర్కత్ కోసం దుఆ చేసి, అక్కడున్న పిల్లల్లో అందరికంటే చిన్నవారికి దాన్ని ఇచ్చేవారని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. అది విని అతను లేచి, మాగిన చిన్న రసం ఒకటి ఏరి తెచ్చాడు. ఇద్దరం దుఆ చేశాము. కూలీల పిల్లల్లో అందరికంటే చిన్నదానికి ఆ పండు ఇచ్చాడు. ఉష్ర్ కోసం గంపలు వేరుగా పెట్టించాడు.

చీకటి పడుతుండగా తిరుగు ప్రయాణమయ్యాను. ఈ నెల మీ ఇంటికీ మామిడిపండ్లు వచ్చే ఉంటాయి. కోసే ముందు ఒక్క క్షణం ఆగి, ఇచ్చినవాణ్ణి తలచుకోండి. లేమిలో తనను పిలిచినట్లే కలిమిలోనూ పిలిచే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.