క్రొత్త తూటాలా? మరల నింపినవా?

స్త్రీల పత్రికలో తూటాల ప్రసంగమేమని ముక్కుమీద వ్రేలు వేసికొనువారుందురు. ఉన్నను వ్రాయక తప్పినది కాదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, డాలసు నగరము చుట్టుప్రక్కల తెలుగు కుటుంబములు వేలకొలదిగా కాపురమున్నవి. మేమును అందొకరము. ఇచ్చటి బిడ్డలు ఈతకును టెన్నిసునకును పోవునట్లే గురిపందెములకును పోవుచున్నారు. మా పెద్దమ్మాయికి 23 ఏండ్లు. రెండేండ్లనుండి పిస్తోలు గురి అభ్యసించుచున్నది. వారమునకు ఇంచుమించు 200 తూటాలు కాల్చును. కాల్చునది ఆమె, కొనిపెట్టుట, లెక్క చూచుట, భద్రముచేయుట మా వంతు. బియ్యములో రాయి యున్నదేమోయని చేటలో పోసి చూచుకొను ఇల్లాలు, బిడ్డ కంటికి చేయి చాచినంత దూరమున ప్రేలెడు వస్తువును చూడకయే యింటికి తెచ్చుకొనునా?

ఇచ్చటి అంగళ్లలో తూటాలు రెండు తెగలుగా దొరకును. ఒకటి సరిక్రొత్తది. రెండవది రీమాన్యుఫాక్చర్డు, అనగా మరల నింపినది. మేము కొన్ననాడు వేయి తూటాలకు ఈ రెంటి ధరలలోను 30 డాలర్ల వ్యత్యాసముండెను. మా లెక్కన ఏడాదికి 10,000 తూటాలు. అనగా 300 డాలర్లు మిగులు. అది చిన్న మొత్తము కాదు. కాని ఆ మిగులునకు బదులుగా మనమేమి ఒడ్డుచున్నామో తెలిసికొనవలెను గదా.

తూటా యనగా నాలుగు వస్తువుల కూర్పు. ఇత్తడి తొడుగు, దాని యడుగున చిట్టిగిన్నెవంటి ప్రైమరు, లోపల మందు, మూతివద్ద బిగించిన గుండు. తుపాకిలోని సూది ప్రైమరును పొడిచినంతనే నిప్పు పుట్టి మందంటుకొనును, గుండు వెడలిపోవును. తొడుగు మాత్రము నేలరాలి మిగిలియుండును. ఆ ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము. తూటాలో ఎక్కువ వెలగల భాగమదియే. దానిని ఏరి, తోమి, పాత ప్రైమరు నూడదీసి, ఉబ్బిన ప్రక్కలను మరల కొలతకు నొక్కి, క్రొత్త ప్రైమరును క్రొత్త మందును క్రొత్త గుండును అమర్చుదురు. కావున మరల నింపినదానిలో పాతది తొడుగొక్కటియే.

ఇత్తడిని మరల వాడుటకు మన యిండ్లలో ఎన్నడును జంకలేదు. కళాయి పోయిన గిన్నెను పారవేసినవారెవ్వరు? కళాయివాడు వీధిలోనికి వచ్చువరకు దాచియుంచి, వేయించుకొనెడివారము. అయితే పనివాని చేయి ఎట్టిదో మన పెద్దలు చూడకపోలేదు. పైపైన పూసిపోయిన గిన్నెలో పులుసు కాచిన చిలుమెక్కును. అప్పుడు తప్పు ఇత్తడిది కాదు, పూసినవానిది. ఈ తూటాల విషయమును అట్టిదేయని మాకు తోచుచున్నది.

ఇందు ఒత్తిడి యెంతటిదో చెప్పిన, మా జాగ్రత్త అతిగా తోపదు. మన వంటయింటి ప్రెషరు కుక్కరులో ఈలవేయునప్పుడు లోపలి ఒత్తిడి చదరపు అంగుళమునకు సుమారు 15 పౌండ్లు. మా అమ్మాయి వాడు 9 మిల్లీమీటర్ల తూటాకు అమెరికా తయారీదారుల సంఘము విధించిన పరిమితి 35,000 పౌండ్లు. కుక్కరు ప్రేలిననే వంటయిల్లు పాడగునే! 1926లో ఏర్పడిన ఆ సంఘపు కొలతలను మంచి కర్మాగారములన్నియు అనుసరించును. మరల నింపువారును వానిని అనుసరించవచ్చును, అనుసరించువారు గలరు. ఎవరు అనుసరింతురో కనుగొనుటయే కష్టము.

తొడుగు అడుగున ఒక్కటే రంధ్రము నడుమనున్నచో పాత ప్రైమరును పుల్లతో పొడిచినట్లు సులువుగా తీయవచ్చును. దీనికి బాక్సరు పద్ధతియని పేరు. రెండు రంధ్రములున్నది బెర్డాను పద్ధతి. అది ఊడుట కష్టము. బాక్సరు ఇంగ్లీషువాడు, బెర్డాను అమెరికావాడు. అయినను ఇంగ్లీషువాని పద్ధతి అమెరికాలోను, అమెరికావాని పద్ధతి ఐరోపాలోను స్థిరపడినవి, కుండమార్పిడి పెండ్లివలె! అమెరికాలో మరల నింపుట ఇంతగా ప్రబలుటకు ఇదియు నొక కారణము. ఇక చిన్న 22 తూటాలలో ప్రైమరు మసాలా అంచులోనే యుండుటచే వానిని మరల నింపు వాడుక లేదు. అది వాడువారికి ఈ చింతయే లేదు.

2023 చలికాలమున జరిగినది చెప్పెదము. మా అమ్మాయి ప్రక్క వరుసలో ఒక యువకుడు మరల నింపిన తూటాలను త్వరత్వరగా కాల్చుచుండెను. నడుమ ఒకటి మ్రోగవలసినట్లు మ్రోగక, తడిసిన టపాకాయవలె టప్పుమనెను. పిస్తోలు తనంతట తాను రెండవ తూటాను ఎక్కించుకొనలేదు. అతడు అభ్యాసవశమున దానిని చేతితో లాగి తూటా నెక్కించి, మరల గురి పట్టబోయెను. రేంజి అధికారి "ఆపు!" అని పెట్టిన కేక మా చెవులలో నేటికిని మ్రోగుచున్నది. విప్పిచూడగా తుపాకి గొట్టము నడుమ గుండు ఇరుక్కొనియున్నది. ఆ తూటాలో మందే లేదు. ప్రైమరు బలముచేతనే గుండు అంతవరకు ప్రాకినది. దాని వెనుక ఇంకొక గుండు పోయియున్న, గొట్టము చీలి ఆతని వ్రేళ్లేమగునో!

ఆనాడు మా ఇంటివారు "ఇక ఆ సరుకు మన యింట వలదు" అనిరి. మేమును సరేయంటిమి. కాని మూడు మాసములు గడువకమునుపే పేరుపడిన కర్మాగారమువారి క్రొత్త పెట్టెలోనే ప్రైమరు తలక్రిందుగా బిగించిన తూటా యొకటి కనబడెను. అది ప్రేలదు, హానియు లేదు. అయినను క్రొత్తదనుమాట ఒక్కటియే పూచీ కాదని తేలినది. పెద్ద కర్మాగారములు సయితము అమ్మిన సరుకును లాటు సంఖ్యనుబట్టి వెనుకకు పిలిపించుకొనిన సందర్భములు కలవు. అట్లు పిలిపించుకొనగలుగుటయే వారి గొప్ప. ఏ లాటులో ఏ మందు, ఏ దినమున నింపిరో వారివద్ద వ్రాతయున్నది. మరల నింపినవారివద్ద మేము మొట్టమొదట అడుగునదిప్పుడు అదియే: పెట్టెపై లాటు సంఖ్య కలదా, లైసెన్సు కలదా? ఈ దేశమున తన కొరకు తాను నింపుకొనువానికి లైసెన్సు అక్కరలేదు, అమ్మువానికి కావలెను. కావున స్నేహితులు తమ గ్యారేజీలో నింపి ప్రేమతో తెచ్చి యిచ్చిన సంచిని మేము నమస్కరించి తిరిగి యిచ్చివేయుదుము. ఆవకాయ యైనచో పుచ్చుకొందుముగాని తూటాలు కాదు.

పెట్టె యింటికి వచ్చిన పిదప భోజనబల్లపై కాక, వేరొక పీటపై పాతగుడ్డ పరచి ఏబదింటిని పరిశీలింతుము. మూతివద్ద పగులు ఉన్నదా, ప్రైమరు అడుగుకంటె పైకి పొడుచుకొని వచ్చినదా, గుండు లోపలికి క్రుంగినదా చూతుము. గుండు లోనికి దిగిన మందునకు చోటు తగ్గి ఒత్తిడి మితిమీరును. అడుగున ముద్రించిన తయారీదారుల పేర్లు పలువిధములుగా నున్నయెడల తొడుగుల మందము ఒకతీరుగా నుండదు. గురిలో ఆ తేడా కొంత కనబడును. ఒకే ముద్రగలవానిని ఏరి నింపినవాడు శ్రద్ధగలవాడని మేము భావింతుము.

ఇంత చూచినను మందు కనబడదు. త్రాసులో తూచరాదా యందురేమో. ఆ తూటా మొత్తము సుమారు 12 గ్రాములు. అందు మందు గ్రాములో మూడవవంతు మాత్రమే. తొడుగునకును తొడుగునకును, గుండునకును గుండునకును గల సహజమైన తేడాయే అంత యుండవచ్చును. కావున మందు లేని తూటాను త్రాసు పట్టియిచ్చునని నమ్మరాదు. పిస్తోలు తూటాలో మందు తొడుగంతయు నిండదు. కొన్ని రకముల మందు పొరబాటున రెండుమార్లు పోసినను పట్టును. లేకపోవుటకంటె ఇది యెక్కువ ప్రమాదము. యంత్రముపై ప్రతి తొడుగులోను మందు మట్టమును పరీక్షించు ఏర్పాటు కలదాయని అమ్మువానిని ముఖాముఖిగా అడుగుట మంచిది. జవాబు తడుముకొనువానివద్ద మేము కొనలేదు.

మిగిలినది కాల్చువారి చెవి. తూటా ప్రేలనప్పుడు గొట్టమును గురివైపే యుంచి 30 సెకండ్లు ఆగవలెను. ఆలస్యముగా ప్రేలునవి కలవు. శబ్దము పలుచనైనప్పుడు వెంటనే నిలిపి, గొట్టము ఖాళీయని చూచిన పిమ్మటనే తరువాతి తూటా. శిక్షకులు పిస్తోలు ఆగినంతనే తట్టి, లాగి, మరల కాల్చుట నేర్పుదురు; ఆ నేర్పు చేతికి పట్టుబడినకొలది ఇచ్చట ప్రమాదమగును. మా అమ్మాయి క్రొత్తగా తెచ్చిన ప్రతి లాటునుండి మొదటి పెట్టెను ఒక్కొక్కటిగా, నిదానముగా కాల్చును. వడిగా కాల్చు అభ్యాసమునకు క్రొత్త తూటాలనే వాడును. ఈ యేర్పాటు ఆమెదే, మాకు నచ్చినది.

రైఫిలు తూటాల విషయమున మేమంత ఉదారులము కాము. వాని ఒత్తిడి ఎక్కువ. మెడ సన్నగిల్లిన ఆ తొడుగులు కాల్చినకొలది సాగి, అడుగుభాగము తెగిపోవుట కలదు. ఎన్నిమార్లు కాల్చిరో తెలియని తొడుగును అందు వాడనొల్లము. తుపాకి తయారీదారులలో పలువురు మరల నింపిన తూటాలు వాడిన పూచీ వహింపమని తమ పుస్తకములలోనే వ్రాయుదురు. అద్దె తుపాకికి రేంజివారు తామమ్మిన తూటాలనే వాడుమందురు. 300 డాలర్ల మిగులులో ఇవన్నియు లెక్కకు రావలెను.

ఇంకొక మాట. ఉద్యోగపు వీసాపై వచ్చిన మా మేనల్లుడు తానును కాల్చి చూచెదనన్నాడు. అట్టి వీసాలవారు తుపాకినిగాని తూటానుగాని చేతపట్టుట ఫెడరలు చట్టమున నిషిద్ధము. వేట లైసెన్సు కలవారికి మాత్రము మినహాయింపు కలదు. క్రొత్త తూటా యైనను పాతది యైనను అతనికి ఒక్కటే! అలుకతో బయటనే కాఫీ త్రాగుచు కూర్చుండెను.

క్రొత్తవైనను మరల నింపినవైనను సాధారణముగా ప్రైమరులోను గుండులోను సీసముండును. గర్భవతులు, పాలిచ్చు తల్లులు ఇంటిలోపలి రేంజికి పోరాదు. వచ్చినంతనే సబ్బుతో చేతులు, ముఖము కడుగుకొనక గిన్నె ముట్టనీయము. ఆ బట్టలు వేరుగా ఉతుకుదుము. తూటాలను తాళముగల అలమరలో, వచ్చిన పెట్టెలోనే, లాటు సంఖ్యతోనే యుంతుము. రెండు పెట్టెల సరుకు ఒక డబ్బాలో కలుపుట మా యింట లేదు.

వచ్చే నెల అమ్మాయికి క్లబ్బు పోటీ యున్నది. దానికి క్రొత్తవే. ఒకే లాటునకు చెందిన పెట్టెలు నాలుగు తెచ్చితిమి. వానిలో ఒకదానిని ఈ శనివారము కాల్చి చూచుటకై వేరుగా తీసి పెట్టినది.