ఎండకు ఆగే బండి

మే నెల మధ్యాహ్నం రాయదుర్గంలో ఆరుబయట నిలిపిన కారు స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. కొత్త కార్లకు దీంతో పేచీ లేదు. అద్దాలు దించి, ఏసీ పెట్టి, రెండు నిమిషాలు ఆగితే సరిపోతుంది. ఇరవై ఏళ్లు దాటిన బండి సంగతి వేరు. పొద్దున ఇంటి దగ్గర ఒక్క సెల్ఫుకే లేచిన ఇంజిను మధ్యాహ్నం మూడింటికి గిరగిరా తిరుగుతుంది కానీ అందుకోదు. బ్యాటరీ బలంగానే ఉంటుంది, ట్యాంకులో పెట్రోలూ ఉంటుంది. అదే బండి పొద్దుగూకాక తాళం తిప్పగానే స్టార్టవుతుంది. మెకానిక్ షెడ్డుకు తీసుకెళితే, డాక్టరు ముందు కూర్చోగానే దగ్గు ఆగిపోయిన పిల్లాడిలా బుద్ధిగా ఉంటుంది.

నా బండి 2001 నాటి హోండా సిటీ వీటెక్. చేతులు మారి నా దగ్గరికొచ్చింది. నాలుగు తలుపుల కారును స్పోర్ట్స్ కారు అనొచ్చా అని అడిగేవాళ్లు ఉంటారు. ఆ రోజుల్లో మన దేశంలో తయారై, పైకప్పు తీసి తిరగగలిగిన రెండు సీట్ల కారంటే శాన్ స్టార్మ్. గోవాలోని శాన్ మోటార్స్ 1998లో తెచ్చింది. ఫైబర్ బాడీ, రెనో ఇంజిను. చూపులకు అచ్చమైన స్పోర్ట్స్ కారే గానీ శక్తి 60 హార్స్‌పవర్. సిటీ వీటెక్ చూపులకు పెళ్లిళ్లకు వెళ్లే సంసారపక్షం బండి. బానెట్ కింద మాత్రం 1.5 లీటర్ల ఇంజిను 106 హార్స్‌పవర్ ఇస్తుంది, అదీ 6,800 ఆర్‌పీఎం దాకా లాగితేనే. మామూలు వేగంలో వాల్వులు పొట్టి క్యామ్‌ల మీద నడుస్తాయి. ఇంజిను బాగా పుంజుకున్నాక కంప్యూటరు ఒక సోలినాయిడ్‌ను తెరుస్తుంది. ఆయిల్ ప్రెషర్ ఒక పిన్నును తోసి రాకర్లను కలిపి బిగిస్తుంది. అక్కణ్నుంచి అవి ఎత్తైన క్యామ్ మీద నడుస్తాయి, వాల్వులు ఇంకా లోతుగా, ఇంకా ఎక్కువసేపు తెరుచుకుంటాయి. ఆ క్షణంలో ఇంజిను గొంతు మారుతుంది. ఆ గొంతు ఒకసారి విన్నవాళ్లు ఈ కారును ఎందుకు వదలరో నాకు తెలుసు. 2003 చివర్లో వచ్చిన తర్వాతి సిటీ, అందరూ డాల్ఫిన్ సిటీ అనేది, మైలేజీ కోసం 77 హార్స్‌పవర్‌కు దిగింది. అందుకే పాతదానికి ఇంకా గిరాకీ ఉంది.

ఈ కారుదీ హైటెక్ సిటీదీ ఇంచుమించు ఒకే వయసు. మొదటి సిటీ మార్కెట్లోకి వచ్చింది 1998 జనవరిలో. అదే ఏడాది నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పుడు చుట్టూ బండరాళ్లు, తుమ్మచెట్లు. ఇప్పుడు ఆ బండల జాగాలో అద్దాల మేడలు లేచాయి. ఆ మేడల కింద అంతస్తుల్లో ఏపీ 09 నంబరు ప్లేటుతో ఇలాంటి బండి కనబడితే నేను ఆగి చూస్తాను. ఆ తర్వాత నంబర్లు టీఎస్ అయ్యాయి, 2024 మార్చి నుంచి టీజీ అయ్యాయి. ఈ బండ్లు మాత్రం పాత అక్షరాలతోనే తిరుగుతున్నాయి.

ఇక రోగం సంగతి. షెడ్డుల్లో వినిపించే మాట ఒకటే: పెట్రోలు పంపు మార్చేద్దాం సార్, అదీ కాకపోతే ఈసీయూ, అంటే ఇంజిను కంప్యూటరు. వాళ్లను తప్పుపట్టలేను. వాళ్ల ముందున్న బండికి రోగం లేదు, ఉన్నది ఊహ ఒక్కటే. ఎర్రగడ్డలో పాతకాలపు ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన మాత్రం వేరే మాట చెప్పాడు.

"మార్చెతందుకు ఏం తొందరున్నది సార్? ముందుగాల కరెంటు ఎందాక వస్తున్నదో చూడుండ్రి. గది కూడా బండి ఆగినప్పుడే చూడాలె. నా కాడికి వచ్చినంక చూస్తే ఏం దొర్కదు."

పాత బండిని ఇంట్లో బాగుచేసుకోవడం డబ్బు మిగులుతుందని కాదని నాకు ఆ మాటతో గట్టిగా అర్థమైంది. మెకానిక్‌కు చేయి తిరిగి ఉంటుంది, పరికరాలుంటాయి. కానీ రోగానికి సాక్షి యజమాని ఒక్కడే. ఏ ఎండలో, ఎంతసేపు నిలిపాక, ఏ వాసనతో, ఏ చప్పుడుతో ఆగిందో చూసినవాడు ఇంకొకరు ఉండరు. ఆ సాక్ష్యం సరిగ్గా చెప్పగలగాలంటే బండి లోపల ఏం జరుగుతుందో కొంత తెలిసి ఉండాలి. మన సైబరాబాద్‌లో ఈ పనికి పనికొచ్చే బుద్ధి చాలామందికి ఉంది. పొద్దంతా చేసేదే అది: తప్పు మళ్లీ కనబడేలా చేయడం, ఒకసారికి ఒక్కటే మార్చి చూడడం, అనుకున్నది రాసిపెట్టుకోవడం. ఆఫీసు దాటగానే ఆ బుద్ధిని పక్కనపెట్టి, కారు దగ్గర అదృష్టాన్ని నమ్ముకోవడమే నాకు నచ్చదు.

అందుకని ఎండలోనే చూడాలి. పెట్రోలు ఇంజినుకు గాలి, పెట్రోలు, నిప్పు, కంప్రెషన్ ఉంటే చాలు. చల్లబడ్డాక హాయిగా నడుస్తోంది కాబట్టి కంప్రెషన్ మీద అనుమానం లేదు. ఈ తరం హోండాలో తాళం ఆన్ చేయగానే, సెల్ఫు కొట్టకముందే, వెనక సీటు కింద పెట్రోలు పంపు రెండు సెకన్లు సన్నగా రొద చేసి ఆగాలి. అదే సమయానికి మీటర్లో చెక్ ఇంజిన్ దీపం వెలిగి ఆరాలి. ఏసీ, పాటలు, ఫ్యాను అన్నీ ఆపి చెవి పెట్టాలి. మూడింటి ఎండలో రొద లేదు. పంపు దగ్గర మల్టీమీటర్ పెడితే కరెంటు లేదు. అంటే పంపుకు ఏ జబ్బూ లేదు, దానికి తిండి అందడం లేదంతే. ఆ తిండి పంపేందుకు డ్యాష్‌బోర్డు కింద అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన డబ్బా ఉంటుంది, మెయిన్ రిలే. దాని మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగి తాళం తిప్పితే పంపు పలికింది.

డబ్బా విప్పుతుంటే టార్చి పట్టిన పై అంతస్తు పదో తరగతి అమ్మాయి అడిగింది: "అంకుల్, పాడైపోయిందంటే పాడైనట్టే కదా. మరి చల్లారితే ఎలా పనిచేస్తుంది?"

లోపల రెండు రిలేలు ఉంటాయి. ఒకటి కంప్యూటరుకూ ఇంజెక్టర్లకూ కరెంటు ఇస్తుంది, రెండోది పంపుకు. వాటి కాళ్లను సర్క్యూట్ బోర్డుకు టంకంతో అతికిస్తారు. ఏళ్ల తరబడి ఎండకు వ్యాకోచించి, రాత్రికి సంకోచించి, రోడ్ల అదురుకు కదిలి, టంకం చుట్టూ వెంట్రుకంత పగులు వస్తుంది. వేడికి పగులు విచ్చుకుంటే కరెంటు తెగుతుంది, చల్లారితే మళ్లీ అంటుకుంటుంది. భూతద్దంలో చూపించాను. కాలి చుట్టూ నల్లటి ఉంగరంలా కనబడింది. ఆ తరం హోండాల్లో లోకమంతా ఎరిగిన విషయమిది. దీనికి కంపెనీని అనడానికి లేదు, అంతకాలం ఎండ కాస్తే ఏ టంకమైనా అలసిపోతుంది.

మందు చవకైనదే. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగితే కోఠి గుజరాతీ గల్లీ దగ్గరే. ఎలక్ట్రానిక్ సామానుకు ఊళ్లో అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. టంకం తీగ, ఫ్లక్సు, పాత టంకం పీల్చే పంపు అన్నీ అక్కడే దొరుకుతాయి. పగులు మీద కొత్త టంకం పూస్తే నిలవదు. పాతది పూర్తిగా తీసి, కాలిని శుభ్రం చేసి, కొత్తది పట్టించాలి. వేడి చాలకపోతే టంకం మసగ్గా గడ్డ కడుతుంది, సరిపోతే మెరుస్తూ కాలి చుట్టూ పాకుతుంది. ఆ మెరుపు చూసి ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నాకూ అంతే సంతోషమైంది. ఆ వేసవి మిగతా రోజులన్నీ బండి ఎండలోనే నిలిచింది, ఎండలోనే లేచింది.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పనులు చేసేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. సెల్లార్‌లో ఇంజిను నడుపుతూ వెతుకులాడకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, గాలాడని చోట అది మనిషిని నిద్రపుచ్చి చంపుతుంది. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. పెట్రోలు పైపు విప్పే పని ఏదైనా సరే ఆరుబయటే చేయాలి. ఇంజెక్షన్ బండ్లలో పంపు ఆగాక కూడా పైపులో ప్రెషర్ నిలిచే ఉంటుంది. ముందు దాన్ని దించాలి, బ్యాటరీ నెగెటివ్ తీయాలి. అసోసియేషన్లు సెల్లార్‌లో రిపేర్లు వద్దంటే చాలామందికి కోపం వస్తుంది. ఈ ఒక్క విషయంలో నేను అసోసియేషన్ పక్షమే.

ఇప్పుడు నా మనసంతా ఆ పైపుల మీదే ఉంది. బంకుల్లో దొరికేది 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు. 2001లో ఈ బండికి వేసిన రబ్బరు ఆ పెట్రోలును ఊహించి చేసింది కాదు. ఎథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, గాలిలోని తేమనూ లాక్కుంటుంది. పైగా రిజిస్ట్రేషన్ గడువు ఉంది. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి కాబట్టి ఈ బండికి 2016లో ఒకసారి, 2021లో ఒకసారి అయింది, 2026లో మళ్లీ. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ రుసుమును 2025 ఆగస్టులో కేంద్రం 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. డబ్బు కట్టడం ఒక పని, బండిని ఫిట్‌నెస్‌కు నిజంగా తగినట్టు ఉంచడం అసలు పని. రాణిగంజ్‌లో పైపు అడిగితే మొదట కార్బురేటర్ బండ్ల పైపు చేతిలో పెడతారు. అది ఇంజెక్షన్ ప్రెషర్‌కు ఆగదు. లోపల ఫ్లోరో రబ్బరు పొర ఉన్న ఇంజెక్షన్ పైపే కావాలని చెప్పి, పైపు మీది అచ్చు చదివి తీసుకోవాలి. దానికి తగ్గ క్లాంపులు కూడా కొనాలి, పాతవి మళ్లీ బిగించకూడదు. ఎండలు ముదరకముందే, మార్చిలోపే ఈ పని ముగించాలి.